నాలుగో అంకణంలో ఎనిమిదో నెర్రె

వరద కాలం, ఆరో రోజు. మట్టం తొమ్మిది మెట్లు.

రెండు నెలలుగా ఈ పుస్తకంలో ఒక్క ముక్కే రాయాలంటున్నారు. "క్షేమం" అని రాసి, పక్కన వేలిముద్ర వేసి, చీటీ చింపి సూపర్వైజరు తవిటినాయుడి గదిలో ఉన్న డబ్బాలో పడేయాలట. మిగతా పేజీ ఖాళీగా ఉంచాలట. ఎందుకు ఉంచాలి? కాగితం ఉంది, సిరా ఉంది, నాకు చెప్పాల్సింది బోలెడుంది. చదివేవాడు ఎలాగూ లేడు కాబట్టి రాసేస్తాను.

నా పేరు దాలమ్మ. ఇరవై ముక్కలుగా పంచిన కరకట్టలో నాలుగో ముక్క, నాలుగో అంకణం, నాది. పగటి పట్టు నేను, రాత్రి పట్టు ఎర్నమ్మ. పదహారేళ్ళుగా ఇదే వరస. కట్టకు అవతల పెద్దనీరు, ఇవతల మా పట్నం. మధ్యలో ఆపేది రాయీ సున్నమూ అనుకుంటారు. కాదు, మా చేతులు. నాలుగో అంకణంలో ఏడు నెర్రెలున్నాయి. ఒకటి నా ఎడమ మణికట్టులో కూర్చుంటుంది, రెండు మోకాళ్ళలో, ఒకటి దవడ పంటి కింద, మిగతా మూడూ వెన్నులో. నెర్రె కూర్చున్న చోట ఒళ్ళు బావినీళ్ళలో ముంచినట్టు ఉంటుంది. అది నా ఒంట్లో ఉన్నంతసేపూ గోడలోంచి చుక్క కారదు. నేను వదిలేస్తే కారుతుంది. పట్టంటే అంతే. బయటి ఊళ్ళవాళ్ళు దీన్ని మంత్రమంటారు. పన్నెండు గంటలు ఇక్కడ నిలబడి చూడమనండి, మంత్రమో చాకిరో తెలుస్తుంది.

ఇంతకుముందు అప్పగింతకు అన్నం ఉడికేంత సేపు పట్టేది. తీసుకునే మనిషి అరచెయ్యి నెర్రె మీద, దాని మీద ఇచ్చే మనిషి అరచెయ్యి. ఇది నిన్న ఎలా ఉంది, ఇవాళ ఎటు లాగుతోంది, చల్లదనం పెరిగిందా తగ్గిందా, అంతా చెప్పాలి. విన్న మనిషి దాన్ని తిరిగి అప్పజెప్పాలి. అప్పుడు గానీ చెయ్యి తియ్యకూడదు. ఇప్పుడేమో గంట కొడతారు. ఏడు నెర్రెల మీద ఏడుసార్లు చెయ్యి తాకించి, చీటీ వేసి, ఎవరి దారిన వాళ్ళు పోవడమే. ఈ తెలివి తవిటినాయుడిది. మగవాళ్ళూ పట్టు పట్టే రోజుల్లో పదో అంకణంలో ఆరేళ్ళు నిలబడ్డ మనిషే. కుర్చీ వచ్చాక తనకూ చేతులున్నాయన్న సంగతి మరిచిపోయాడు.

మా ఆయన లచ్చన్న పోయి ముప్పై ఎనిమిది రోజులు. విషజ్వరం. ఈ ఏడాది కట్టమీద పనిచేసే ఆడవాళ్ళ ఇళ్ళలో అది తిరగని ఇల్లు తక్కువ. ఇంట్లో మనిషి పోతే పదకొండు రోజుల మైలకు సెలవుండేది. పనికి మనుషులు చాలడం లేదని దాన్ని మూడు రోజులు చేశారు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి గోడ పక్కన నిలబడ్డాను. ఆ పొద్దు నుంచి నాకు ఒళ్ళంతా మంటగానే ఉంది. ఎవరు పలకరించినా కసురుతున్నాను. బాగున్నావా అని అడిగితే ఇంకా కసురుతున్నాను.

వరద కాలం, తొమ్మిదో రోజు. మట్టం పది మెట్లు.

ఎర్నమ్మ మళ్ళీ ఆలస్యం. నా కంటే పన్నెండేళ్ళు పెద్దది, అప్పా అని పిలుస్తాను, గౌరవం ఎక్కడికీ పోదు. కానీ సాయంత్రం గంట కొట్టాక నేను ఇంకో అరగంట నిలబడితే నా మోకాళ్ళు ఎవరివి? వచ్చింది కదా, కనీసం ఒక మాట అనొచ్చు కదా. మొహం మాడ్చుకుని చెయ్యి చాపింది. చెయ్యి తాకితే మంచుముద్ద. రవికె చెయ్యి మోచేతి దాకా తడి. గిన్నెలు తోమి చెయ్యి తుడుచుకోకుండా వచ్చిందనుకున్నాను, అదే అనేశాను కూడా. పొద్దున నేను పట్టు తీసుకునేటప్పుడు ఆవిడ చేతిలోంచి అంబలి గిన్నె జారి మెట్లమీద దొర్లింది. వంగి తీసుకోలేదు. అలా చూస్తూ నిలబడింది. నేనే తీసి ఇచ్చాను.

పట్టున్న రోజు మేం గాజులు వేసుకోం, ఆముదం రాసుకుంటాం, పొట్ట నిండా అంబలి తాగి వస్తాం. ఇరవై అంకణాల్లో నలభై మంది ఆడవాళ్ళం ఇవన్నీ తప్పకుండా చేస్తాం. ఈ నెలలో ఎర్నమ్మ ఒక్కతే ఆముదం వాసన రాకుండా వస్తోంది.

వెళ్ళి తవిటినాయుడికి చెప్పాను. అవును, నేనే చెప్పాను. రాత్రి మనిషికి పనిమీద శ్రద్ధ లేదని, ఏదన్నా జరిగితే మాట నా మీదికి వస్తుందని. ఆయన వెంటనే కాగితం తీసి రాసుకున్నాడు. నెర్రెలు ఎలా ఉన్నాయో చెబితే ఏనాడూ ఒక్క అక్షరం రాసుకోని మనిషి.

వరద కాలం, పదో రోజు. మట్టం పదకొండు మెట్లు.

నా ఫిర్యాదుకు ఫలితం వచ్చింది. ఎర్నమ్మ పది రోజులపాటు రోజుకు రెండు గంటలు ఎక్కువ నిలబడాలట. సాయంత్రం రెండు గంటలు ముందే వచ్చి నా దగ్గర పట్టు తీసుకోవాలట. నన్ను ముందే ఇంటికి పొమ్మన్నారు.

ఇంటికి పోయి ఏం చెయ్యను? లచ్చన్న లేని ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోనా? నేను అడిగింది ఆలస్యం చెయ్యొద్దని చెప్పమని. ఇలాంటి శిక్ష వెయ్యమని నేనెప్పుడన్నాను? తవిటినాయుడి దగ్గరకు మళ్ళీ వెళ్ళి అదే అన్నాను. రాసేశాక రాసేసినట్టేనట.

ఎర్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది, నేనూ తిట్టేదాన్ని, ఇద్దరికీ తేలికయ్యేది. చెయ్యి చాపి, "నువ్వు రెండు గంటలు నడుం వాల్చుతావు గదా సెల్లీ, మంచిదే," అంది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ మంచితనం ఎవరికి కావాలి? వినపడనట్టు మెట్లు దిగి వచ్చేశాను.

వరద కాలం, పద్నాలుగో రోజు. మట్టం పద్నాలుగు మెట్లు.

సాయంత్రం ఎర్నమ్మ రాలేదు. బదిలీ మనిషి వచ్చింది. వెనకాలే ఎర్నమ్మ పెనిమిటి అప్పన్న బావ వచ్చాడు, తుండుగుడ్డ పిండుకుంటూ. మనిషి మంచం మీంచి లేవడం లేదట. నేను జ్వరం అనుకున్నాను. జ్వరం కాదన్నాడు.

"రోజూ సాప తడిసిపోతంది దాలమ్మా. వాన నేదు, ఇల్లు కారడం నేదు. ఆమె పడుకున్న సోటే తడి. నిద్దరోతే ఉలిక్కిపడి లేసి కూకుంటాది. ఏటని అడిగితే సెప్పదు. నలబై రోజుల్నించీ ఇదే వరస."

నలభై రోజులనగానే అక్కడే మెట్టుమీద కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకున్నాను.

కట్టమీద ఒక మర్యాద ఉంది. మైలలో ఉన్న మనిషి పనిలోకి వస్తే పాత నెర్రెలు ఇస్తారు, కొత్త నెర్రె ఇవ్వరు. దుఃఖంలో ఉన్న చేతికి కొత్త చల్లదనం తగిలితే ఎముకలోకి దిగిపోతుందని మా నమ్మకం. అది కనిపెట్టిన మనిషే తన ఒంట్లో ఉంచుకుంటుంది. పట్టు దిగి ఇంటికి పోయినా, అన్నం తిన్నా, పడుకున్నా ఉంచుకుంటుంది. గోడకు దూరమైన కొద్దీ నెర్రె బరువు పెరుగుతుంది, అయినా ఉంచుకుంటుంది. పైకి చెప్పదు, ఎందుకంటే చెబితే సగం ఇచ్చేసినట్టే. పన్నెండో రోజున మైల తీరిన మనిషి వచ్చి అడగాలి, నాకు ఏం దాచావని. అడిగితేనే ఇస్తారు. అడగలేదంటే ఇంకా తేరుకోలేదని అర్థం. అందుకని ఇంకా దాస్తారు.

పన్నెండో రోజున నేను అడగలేదు.

ఇదివరకు అప్పగింతలో కాస్త తీరిక ఉండేది. ఇద్దరం గోడవార కూర్చునేవాళ్ళం, అడగాల్సింది దానంతటదే నోట్లోకి వచ్చేది. ఇప్పుడు గంట, ఏడు తాకింపులు, చీటీ. తప్పంతా గంట మీదికి తోసేయొచ్చు. తోసేయను. ఆ రోజు ఎర్నమ్మ నా చెయ్యి కొంచెంసేపు పట్టుకుని నిలబడింది, నేను అడుగుతానేమోనని. నేను చెయ్యి లాక్కున్నాను. నాకు ఓదార్పులు వద్దు. అప్పుడు వద్దు, ఇప్పుడూ వద్దు. ఆ పొగరుకు ఆవిడ ఒంట్లోకి నీళ్ళు దిగుతున్నాయి. దానిమీద నేను ఫిర్యాదు కూడా పెట్టాను.

బదిలీ మనిషికి ఏడూ అప్పగించి బావ వెనక పరిగెత్తాను. ఇంకా వెలుతురుంది. ఎర్నమ్మ మంచం మీద ఉంది, కుడిచెయ్యి మంచం పట్టె కిందికి వేలాడుతోంది. వేళ్ళ చివర్లనుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు, కింద ఇత్తడి గిన్నె పెట్టి ఉంది. సగం నిండింది. బావ రోజుకు మూడుసార్లు పారబోస్తున్నాడట.

మంచం పక్కన కూర్చున్నాను. "అప్పా, నాకేటి దాసినావు?" అన్నాను.

కళ్ళు తెరిచింది. చాలాసేపు నా మొహం చూసింది, అడగడానికే అడిగానో, నిజంగా అడిగానో తేల్చుకోడానికన్నట్టు. అప్పుడు చెప్పింది. నేను మైలలోనే పనికి వచ్చిన మర్నాడు కనిపించిందట. నాలుగో అంకణం పునాదిలో, ఎండాకాలంలో గోడకు ఆనించి కట్టిన తవిటినాయుడి గదిలో, ఆయన బీరువా వెనకాల. జానెడు పొడుగు. ఆ గది రాత్రి పట్టు ఆడవాళ్ళ చేత వంతులేసి తుడిపిస్తారు, అలా తుడుస్తుంటే చెమ్మ తగిలిందట. బాబూ, ఇక్కడ తడిగా ఉందని ఆయనతో అంటే గోనెసంచి వెయ్యమన్నాడట. గోనె వేసింది. నెర్రెను తన ఒంట్లో పెట్టుకుంది. రాతకోతల్లోకి రావాలంటే పగటి మనిషిదీ రాత్రి మనిషిదీ ఇద్దరి వేలిముద్రలూ పడాలి. నా వేలిముద్ర అడిగితే నాకు ఇచ్చేసినట్టే. అందుకని ఊరుకుంది.

నలభై ఒక్క రోజులు. ఒంట్లో ఎనిమిది పెట్టుకుని రాత్రంతా నిలబడడం, పగలంతా ఒకటి మోస్తూ పడుకోవడం.

నోటికొచ్చినట్టు తిట్టాను ఆవిడని. ఎవరు దాయమన్నారన్నాను, నేను అడక్కపోతే నువ్వు చస్తావా అన్నాను. బావ బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ వింది. చివరికి, "అడిగినావు గదా," అని కళ్ళు మూసుకుంది.

వరద కాలం, పదిహేనో రోజు. మట్టం పదిహేను మెట్లు.

నెర్రెను గోడ దగ్గరే చేతులు మార్చగలం, మంచం దగ్గర కాదు. ఎర్నమ్మ నడవలేదు. బండి కావాలి, బీరువా జరపాలి, తవిటినాయుడి నెర్రెల లెక్క పుస్తకంలో ఎనిమిదోది రాయాలి, బదిలీ మనిషిని ఇంకొకరిని ఇవ్వాలి. పొద్దున్నే గంట కొట్టకముందే తవిటినాయుడి గదికి వెళ్ళి ఈ నాలుగూ అడిగాను.

ముందు నీళ్ళు నమిలాడు. తరవాత పుస్తకం తీశాడు. నాలుగో అంకణంలో ఏడు నెర్రెలే ఉన్నాయట, పుస్తకంలో లేనిది కట్టమీద లేదట. బీరువా పక్కనుంచి చెయ్యి పెట్టి చూడమన్నాను. గోడ పొడిగానే ఉందన్నాడు. పొడిగా ఎందుకుందో తెలుసా బాబూ అని అడిగాను. ఎల్లుండి పై కచేరీ నుంచి పెద్దవాళ్ళు మట్టం చూడడానికి వస్తున్నారట. చీటీల పద్ధతి పెట్టాక ఒక్క కొత్త నెర్రె కూడా రాలేదని వాళ్ళకు రాసి పంపాడట. ఇప్పుడు తన గదిలోనే ఒకటుందని ఎలా చెబుతాడు?

అదేం మాటని అరిచాను. ఒక మనిషి చచ్చిపోతోందన్నాను.

"ఆ మనిషి పనికి ఎగనామం పెట్టడానికి ఏదో చెబుతుంది, నువ్వు నమ్ముతావు. ఆవిడకు శ్రద్ధ లేదని రాయించింది నువ్వే కదా దాలమ్మా? కాగితం నా దగ్గరే ఉంది." అలా అని సొరుగు తట్టాడు. "అంతగా నిజమైతే వదిలెయ్యమను. నీళ్ళొస్తే అప్పుడు చూద్దాం."

వదిలెయ్యమను. ఆరేళ్ళు పట్టు పట్టిన మనిషి నోట్లోంచి వచ్చిన మాట. పదిహేను మెట్ల నీళ్ళు కట్టకు ఆనుకుని ఉండగా, కింద పట్నంలో జనం పొయ్యిలు వెలిగించుకుంటూ ఉండగా. గంట కొట్టారు. వెళ్ళి ఏడూ తీసుకుని నిలబడ్డాను. ఎందుకు తీసుకున్నాను? తీసుకోకపోతే రాత్రంతా నిలబడ్డ బదిలీ మనిషి మీద పడతాయి కాబట్టి. మేం పని మానేస్తామని బెదిరించడానికి కూడా లేదు. నేను చెయ్యి చాపకపోతే నలిగేది నాలాంటి ఇంకో ఆడదే. తవిటినాయుడికి గోరు కూడా నొప్పి పుట్టదు. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు, అందుకే అంత నిమ్మళంగా సొరుగు తడతాడు.

ఇరుగుపొరుగు అంకణాల వాళ్ళకు చెప్పాను. చెవులు కొరుక్కున్నారు, పాపం అన్నారు. ఇద్దరు మాత్రం గోడకేసి తిరిగి నిలబడ్డారు, నా మొహం చూడలేదు. భయస్తులు అనుకుని వాళ్ళనీ తిట్టుకున్నాను.

వరద కాలం, పదహారో రోజు. మట్టం పదహారున్నర మెట్లు.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం దాటాక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. మట్టం పెరిగింది కదా, ఏడూ రెండింతల బరువున్నాయి. పన్ను సలుపు తట్టుకోలేక దవడ పట్టుకున్నాను. అప్పుడు కింద తవిటినాయుడి గదిలోంచి అరుపు వినపడింది. మెట్లు దిగి వెళ్ళేసరికి ఆయన కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. బీరువా కిందనుంచి నీళ్ళు పాకుతూ వస్తున్నాయి. ఎర్రటి మట్టినీళ్ళు. చీటీల డబ్బా తేలుతోంది.

ఎర్నమ్మ పట్టు సడలుతోందని అర్థమైంది. ఒకసారి ఆ జానెడు తెరుచుకుంటే సాయంత్రానికి అంకణం మొత్తం పోతుంది. అంకణం పోతే పట్నం ఎక్కడుంటుంది? బీరువాకు భుజం పెట్టి తోశాను. కదల్లేదు. కుర్చీ దిగి తొయ్యమని ఆయన మీద కేకేశాను. దిగాడు, తోశాడు. అదొక్కటీ ఒప్పుకోవాలి. బీరువా పక్కకు పడింది. వెనకాల గోనెసంచి కుళ్ళిపోయి ఉంది, దాని వెనక నెర్రె. జానెడు అని చెప్పింది ఎర్నమ్మ. ఇప్పుడు మూరెడు ఉంది.

అంతలో గుమ్మంలో మంచం వచ్చింది. అప్పన్న బావా, వాళ్ళ వీధివాళ్ళు ముగ్గురూ మోసుకొచ్చారు. నన్నక్కడికి తీసుకుపో అని ఎర్నమ్మే అడిగిందట, రెండు మాటల్లో. మంచం గుమ్మానికి సరిగ్గా సరిపోయింది, ఇక ఎవరూ బయటికి పోయే దారి లేదు. కావాలని చెయ్యలేదు వాళ్ళు. గది అంత చిన్నది.

బావ ఆవిడని ఎత్తి గోడ దగ్గర కూర్చోబెట్టాడు, ఆ నీళ్ళలోనే. నేను నెర్రె మీద అరచెయ్యి పెట్టాను. "ఇచ్చీ అప్పా," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. నా చెయ్యి పట్టుకుని నెర్రె మీంచి తీసేసింది. ఆ వేళ్ళలో పట్టుకునే బలం లేదు, పక్కకు నెట్టింది అంతే. మట్టం తక్కువున్నప్పుడు ఆవిడ ఎనిమిది మోసింది గానీ, పదహారు మెట్ల నీళ్ళున్నప్పుడు ఒంట్లో ఏడున్న మనిషికి ఎనిమిదోది ఇవ్వకూడదు. ఇస్తే ఎనిమిదీ పోతాయి. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసీ చెయ్యి పెట్టాను. తప్పు నాది, నొప్పి నాకే రావాలి అని. అప్పుడు కూడా నా గొడవే చూసుకున్నాను నేను. ఆవిడ కట్టని చూసింది.

తరవాత తలెత్తి తవిటినాయుడి వైపు చూసింది. గొంతు సరిగ్గా రావడం లేదు, అయినా అందరికీ వినపడింది.

"బాబు సేతులు ఖాళీగానే ఉన్నాయి గదా."

నీళ్ళు మా మడమల దాకా వచ్చాయి. తవిటినాయుడు గుమ్మం వైపు చూశాడు. మంచం. కిటికీ వైపు చూశాడు. దానికి ఊచలు పెట్టించింది ఆయనే. పదేళ్ళయిందన్నాడు, అలవాటు తప్పిందన్నాడు, వేరే మనిషిని పిలిపిస్తానన్నాడు. పిలిపించే లోపల పునాది రాయి పక్కకు జరుగుతుందని నేను చెప్పలేదు. అది ఆయన కళ్ళముందే జరుగుతోంది.

మోకాళ్ళమీద కూర్చున్నాడు. చెయ్యి పెట్టాడు. దాని మీద ఎర్నమ్మ తన చెయ్యి వేసింది. ఆ స్థితిలో కూడా గంటా చీటీ పద్ధతి కాదు, పాత పద్ధతే. నెర్రె ఎటు లాగుతుందో, ఏ వేళకు బరువెక్కుతుందో, ఎడమచెయ్యి వైపు నిద్రపోతే ఎందుకు ఊరుకోదో, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. ఆయన ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాడు. తప్పు చెబితే మళ్ళీ చెప్పింది. అంతా అయ్యాక చెయ్యి తీసింది.

నీళ్ళు ఆగిపోయాయి.

తవిటినాయుడి మొహం నేను జన్మలో మరిచిపోను. నోరు తెరుచుకుని, కుడిచెయ్యి గోడకు అంటించి, ఒళ్ళంతా వణుకుతూ. ఇది ఎన్నాళ్ళబట్టి మోస్తోందని అడిగాడు. నలభై మూడు రోజులని చెప్పాను. ఇంకేం అడగలేదు. నాకు జాలి వస్తుందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను. రాలేదు.

ఎర్నమ్మ మంచం మీద ఒరిగి అలాగే నిద్రపోయింది. బొట్టు కారడం ఆగింది. చెయ్యి ఎండింది. నేను ఆ చేతిని నా చేతుల్లోకి తీసుకుని గిల్లాను, గట్టిగానే. కదల్లేదు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఇక ఆ చేత్తో ముద్ద కలుపుకోలేదు, పట్టు సంగతి దేవుడెరుగు. మనిషి మిగిలింది, అంతవరకూ దండం పెడతాను. చెయ్యి మిగల్లేదు, దానికి ఎవరికీ దండం పెట్టను.

పొద్దు వాలింది. గంట కొట్టాల్సింది తవిటినాయుడు. ఆయన గోడకు అతుక్కుని ఉన్నాడు, పదేళ్ళ తరవాత పట్టిన నెర్రెతో పది అడుగులు కూడా నడవలేడు. గంట కొట్టలేదు కాబట్టి అప్పగింతలు మొదలవలేదు. ఇరవై అంకణాల ఆడవాళ్ళు, పగటి వాళ్ళూ రాత్రి వాళ్ళూ, ఏం జరిగిందో చూద్దామని ఒక్కొక్కరే నాలుగో అంకణం దగ్గరికి చేరారు. పగటి వాళ్ళు ఒంట్లో నెర్రెలతోనే వచ్చారు, గోడ వదలకుండా చేత్తో తడుముకుంటూ.

వాళ్ళకు అంతా చెప్పాను. మర్యాద సంగతి వాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను అడగలేదన్న సంగతి చెప్పాను. ఫిర్యాదు పెట్టిన సంగతి కూడా. నా మొహాన ఉమ్మేస్తారనుకున్నాను. ఒకరి చేతులు ఒకరు చూసుకుంటున్నారు. నాకు మళ్ళీ కోపం వచ్చింది, ఏం మనుషులర్రా మీరు అనబోయాను.

అప్పుడు, తల్లిని అదే జ్వరానికి పోగొట్టుకుని మూడు రోజులకే పనిలోకి వచ్చిన పన్నెండో అంకణం పగటి మనిషి గైరమ్మ మెల్లగా పక్కకు తిరిగింది. రాత్రి మనిషి పైడమ్మ పక్కనే ఉంది. గైరమ్మ ఆవిడని అడిగింది.

"వదినా. నాకేటి దాసినావు?"

పైడమ్మ చీర కొంగు కింద దాచుకున్న చెయ్యి బయటికి తీసింది. రవికె చెయ్యి తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. నిన్న గోడకేసి తిరిగి నిలబడిన ఇద్దరూ అప్పుడు ఏడవడం మొదలుపెట్టారు. భయం కాదు వాళ్ళది. వాళ్ళూ దాస్తున్నారు. నేను నెర్రె గురించి చెబుతుంటే నా మొహం చూస్తే నోరు జారుతుందని అటు తిరిగారు.

తరవాత ఇంకొకరు అడిగారు. తరవాత ఇంకొకరు. అడిగిన ప్రతిచోటా లేదు, కొన్నిచోట్ల ఏమీ దాచలేదని నవ్వుతూ చేతులు చూపించారు, ఆ నవ్వు విని మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. కానీ తొమ్మిది చోట్ల ఉంది. తొమ్మిది నెర్రెలు, పుస్తకంలో లేనివి, తొమ్మిది మంది ఒంట్లో. ఒకావిడ పండగ ముందు నుంచీ మోస్తోంది. క్షేమం, క్షేమం, క్షేమం అని డబ్బా నిండా చీటీలు వేసి, అందరం కలిసి ఈ కట్టని ఇక్కడికి తీసుకొచ్చాం.

నేను వరస పెట్టించాను. ఎక్కువ రోజులు మోసినవాళ్ళు ముందు. ఒక్కొక్కరూ తమ నెర్రె దగ్గరికి నడవాలి, అడిగిన మనిషి వెంట వెళ్ళాలి, దారి పొడవునా కింద పడకుండా ఇద్దరు పట్టుకోవాలి. ఒంట్లో ఏమీ లేని రాత్రి వాళ్ళు ముందుకు వచ్చి తమ చేతులు చూపించి పక్కన నిలబడ్డారు, ఎవరికి ఏది పంచాలో తేల్చుకోవడానికి. అన్నం ఉడికేంత సేపు పడుతుంది ఒక్కోదానికి. పట్టనీ.

గదిలోంచి తవిటినాయుడు పిలిచాడు. ఒకసారి, రెండుసార్లు. గొంతులో అధికారం లేదు, ఆయన గొంతేనా అని తిరిగి చూశాను. నెర్రె మోచేతి దాకా ఎక్కిందట, ఇక తన వల్ల కాదట, ఎవరినైనా పంపమని అడిగాడు.

"వరసలో ఉండు బాబూ," అన్నాను. "నీ ముందు తొమ్మిది మంది ఉన్నారు."